కూలిన కంప్యూటరు సాక్ష్యము: అత్యవసర బూట్ ఇమేజిని ఎప్పుడు తిరిగి కట్టవలెను?

2021వ సంవత్సరపు చివరి నెలలలో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలలో పూత రాలిపోసాగినది. తామర పురుగు మన రైతులకు కొత్తది కాదు. మిరప ఆకు అంచులు పైకి ముడుచుకొన్నచో అది పైముడత అనియు, తామర పురుగు చేసిన పని అనియు వారు చూచిన వెంటనే చెప్పగలరు. కాని ఆ యేడు వచ్చిన పురుగు ఆకులలో కంటె పూవులలోనే ఎక్కువగా చేరినది. రంగులో కూడ నల్లగా ఉన్నది. అలవాటైన మందులకు సరిగా లొంగలేదు. పూవులలోని పురుగులను సేకరించి, సూక్ష్మదర్శినితో పరీక్షించిన పిమ్మట అది ‘త్రిప్స్ పార్విస్పైనస్’ అను వేరొక జాతి అని శాస్త్రజ్ఞులు తేల్చిరి.

ఇచ్చట గమనింపవలసిన విషయము ఒకటి కలదు. నష్టపోయిన తోటనంతటిని వెంటనే పెరికి, తగులబెట్టి, దున్నివేసినచో మరియొక పంట వేసికొనుటకు నేల సిద్ధమగును. కాని మొదటి పంట ఏల పోయినదో తెలిసికొనుటకు ఆధారము మిగులదు. కారణము తెలియనిచో రెండవ పంటకును అదే గతి పట్టవచ్చును. కావున ముందు నమూనా తీయవలెను, పిమ్మట చేను శుభ్రపరచవలెను. కంప్యూటరు విషయములో కూడ ఈ న్యాయమే వర్తించును. ఆ నమూనా తీయు సంచిని ఎవరు సర్దవలెను, ఎప్పుడెప్పుడు తిరిగి సర్దవలెను అనునదే ఈ వ్యాసములోని విషయము.

కెర్నెలు కూలుట అనగా నేమి?

కంప్యూటరులో మనము నడుపు కార్యక్రమములన్నిటికిని అడుగున ఒక మూల కార్యక్రమము ఉండును. దానిని కెర్నెలు అందురు. ఏ కార్యక్రమమునకు ఎంత మెమరీ ఇయ్యవలెను, డిస్కుపై ఏది ఎచ్చట వ్రాయవలెను, నెట్‌వర్కు నుండి వచ్చిన సమాచారమును ఎవరికి అందజేయవలెను అను నిర్ణయములన్నియు దానివే. లినక్సు అనునది అట్టి కెర్నెలు పేరు.

ఒక సాధారణ కార్యక్రమము చెడినచో కెర్నెలు దానిని ఆపివేయును. తక్కినవి యథాప్రకారము నడచును. కాని కెర్నెలే చెడినచో దానిని సరిదిద్దువారు పైన మరెవ్వరును లేరు. తనలోని లెక్కలు తారుమారైనవని, ఇంకను నడచినచో డిస్కుపై ఉన్న సమాచారము కూడ పాడగునని అది గ్రహించినప్పుడు పని మానివేయును. దీనినే ‘కెర్నెల్ పానిక్’ అందురు.

ఆ క్షణమున యంత్రపు మెమరీలో తప్పునకు సంబంధించిన ఆనవాలు అంతయు ఉండును. ఏ డ్రైవరు నడచుచున్నది, ఏ చోట చెడ్డ విలువ చేరినది, దానికి ముందు ఏ పని జరిగినది అను వివరములన్నియు అచ్చటనే కలవు. కాని మనము చేయునది ఏమి? మీట నొక్కి యంత్రమును మరల మొదలిడుదుము. యంత్రము చక్కగా లేచును, మనము సంతోషింతుము. నిజమునకు ఆ మీట నొక్కుటయే చేను దున్నివేయుట. మెమరీలో ఉన్న ఆనవాలు పోయినది. వారము దినముల పిమ్మట యంత్రము మరల కూలినచో మనకు మొదటి దినముకంటె ఎక్కువ ఏమియు తెలియదు.

పక్కన కాచుకొనియున్న రెండవ కెర్నెలు

మెమరీ నంతటిని డిస్కుపైకి నకలు తీయవచ్చును గదా అని విద్యార్థులు అడుగవచ్చును. తీయవచ్చును, కాని తీయువారు ఎవరు? పూర్వపు పద్ధతులలో కూలిన కెర్నెలు చేతనే ఆ నకలును వ్రాయించెడివారు. మతి చెడినవాని చేత వాని వాఙ్మూలమును వానినే వ్రాయుమనుట వంటిది ఇది. డిస్కు డ్రైవరే చెడియున్నచో, ఆ డ్రైవరుతోనే డిస్కుపై వ్రాయుట ఎట్లు?

ఈ చిక్కునకు మంచి పరిష్కారము 2005లో లభించినది. నడచుచున్న కెర్నెలు నుండి యంత్రమును ఆపకయే మరియొక కెర్నెలునకు నేరుగా దుముకు ‘కెఎగ్జెక్’ అను ఉపాయమును ఎరిక్ బీడర్మన్ రూపొందించెను. దాని ఆధారముతో కూలిన యంత్రపు మెమరీని భద్రపరచు ‘కెడంప్’ అను ఏర్పాటును నిర్మించినవారిలో వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ మొదలగువారు ముఖ్యులు. ఐ.బి.యం. సంస్థ భారతదేశ శాఖలో లినక్సుపై పనిచేసిన ఇంజనీర్లు వారు. 2005 ఆగస్టులో వెలువడిన లినక్సు 2.6.13లో ఈ రెండును చేరినవి. నేడు ప్రపంచమంతట సర్వర్లలో వాడుకలో ఉన్న ఈ సాధనమున మన దేశపు ఇంజనీర్ల కృషి కలదని విద్యార్థులు తెలిసికొనుట మంచిది.

దీని పద్ధతి ఇది. యంత్రము లేచునప్పుడే మెమరీలో కొంత భాగము విడిగా కేటాయింపబడును. నడచు కెర్నెలు ఆ భాగమును తాకదు. అందులో రెండవ కెర్నెలు ఒకటి ముందుగానే వచ్చి కూర్చుండును. మొదటి కెర్నెలు కూలిన క్షణమున అధికారము రెండవదానికి సంక్రమించును. అది మొదటి కెర్నెలు మెమరీని చెదరగొట్టక, దానిని ఒక పెద్ద ఫైలువలె చూచి, నకలు తీసి డిస్కుపైననో నెట్‌వర్కులోని వేరొక యంత్రముపైననో భద్రపరచును. పిమ్మట యంత్రమును మామూలుగా మొదలిడును.

కొంచెము లెక్క చేసి చూతము. 8 జి.బి. మెమరీ గల యంత్రమును తీసికొనుడు. రెడ్‌హ్యాట్ లినక్సు 9వ తరములో సాధారణ పి.సి. జాతి యంత్రములకు, 4 నుండి 64 జి.బి. వరకు మెమరీ ఉన్నచో, ఇందుకై 256 ఎం.బి. విడువబడును. 8 జి.బి. అనగా 8,192 ఎం.బి. కావున మనము విడిచినది 32వ వంతు. మెమరీని కెర్నెలు 4,096 బైట్ల పుటలుగా విభజించుకొనును. ఆ లెక్కను 8 జి.బి.లో 20,97,152 పుటలు ఉండును. ఇన్నిటిని నకలు తీయుట అనవసరము. సున్నలు మాత్రమే ఉన్న పుటలకు 1, డిస్కు నుండి తెచ్చి దాచుకొన్న పుటలలో రెండు తరగతులకు 2, 4, సాధారణ కార్యక్రమముల పుటలకు 8, ఎవరికిని ఇయ్యని ఖాళీ పుటలకు 16 అని అంకెలు పెట్టిరి. వదలివేయవలసిన వాని అంకెలను కూడి చెప్పినచో చాలును. అన్నియు వదలవలెనన్నచో 1+2+4+8+16, అనగా 31. ఏ రెండు ఎంపికలకును ఒకే మొత్తము రాదు. ఏలననగా ఇవన్నియు 2 యొక్క ఘాతములు. ఉపాధ్యాయులు ద్విసంఖ్యామానమును బోధించునప్పుడు ఈ ఉదాహరణమును వాడుకొనవచ్చును.

సంచిలో ఏమి ఉండవలెను?

కెర్నెలు ఒక్కటియే ఉన్నచో చాలదు. డిస్కుపై వ్రాయవలెనన్న డిస్కు డ్రైవరు కావలెను. ఆ డ్రైవరు ఎచ్చట ఉన్నది? డిస్కుపైననే! బీరువా తాళపుచెవిని బీరువాలోనే పెట్టి తాళము వేసినట్లు ఉన్నది. అందుచేత లేచినప్పుడు అత్యవసరమైన డ్రైవర్లను, చిన్న పనిముట్లను ఒక మూటగా కట్టి కెర్నెలుతో కూడ మెమరీలోనికి పంపుదురు. ఈ మూటనే బూట్ ఇమేజి అందురు. మామూలుగా లేచుటకు ఒక ఇమేజి, కూలినప్పుడు లేచుటకు వేరొక ఇమేజి ఉండును. రెండవదానిని నకలు తీయు పని కొరకే ప్రత్యేకముగా కట్టుదురు.

పంట తెగులు కనబడినప్పుడు పరుగెత్తుటకై వ్యవసాయాధికారి ఒక సంచి సర్ది ఉంచుకొన్నాడని అనుకొందము. అందులో భూతద్దము, చిన్న సీసాలు, కాగితపు సంచులు, నమూనాను పంపవలసిన ప్రయోగశాల చిరునామా ఉన్నవి. మోయుటకు తేలికగా ఉండవలెను గనుక లోకములోని పనిముట్లన్నిటిని అందులో కుక్కుటకు వీలు లేదు. అత్యవసర ఇమేజి కూడ ఇట్టిదే. 256 ఎం.బి.లో కెర్నెలు, ఇమేజి, అవి పనిచేయుటకు కావలసిన చోటు అన్నియు ఇమడవలెను. కావున ఆ యంత్రమునకు, ఆ డిస్కునకు, నకలును పంపవలసిన ఆ చోటికి ఏవి కావలెనో అవి మాత్రమే అందులో చేరును.

తేలికతనము వలన లాభము కలిగినట్లే ఒక చిక్కును కలుగును. పత్తికై సర్దిన సంచి మిరప తోటలో అక్కరకు రాకపోవచ్చును. ధరను బట్టి ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప వేయు నల్లరేగడి నేలలలో ఇది అరుదైన సంగతి కాదు. ప్రయోగశాల వేరొక వీధికి మారినచో సంచిలోని చిరునామా పనికిరాదు. యంత్రములో కూడ డిస్కు మారును, కెర్నెలు మారును, నకలు పంపవలసిన సర్వరు మారును. మార్పు వచ్చినను ఇమేజి మారనిచో ఆ దోషము మామూలు దినములలో కనబడదు. యంత్రము కూలిన దినముననే కనబడును. ఆ దినమున తెలిసి ఏమి లాభము?

మూడు మార్గములు

ఇమేజిని ఎప్పుడు తిరిగి కట్టవలెను అను ప్రశ్నకు మూడు సమాధానములు కలవు. ఫెడోరా, రెడ్‌హ్యాట్ వంటి లినక్సులలో కెడంప్ అమరికల ఫైలులో ఈ మూటిలో దేనినైనను ఎన్నుకొనవచ్చును.

మొదటిది, అవసరమైనప్పుడు మాత్రమే కట్టుట. మనము ఏమియు చెప్పనిచో యంత్రము ఈ మార్గమునే అనుసరించును. కెడంప్ సేవ మొదలగునప్పుడెల్ల, అనగా సాధారణముగా యంత్రము లేచినప్పుడెల్ల, అది ఒక తనిఖీ చేయును. ఈ కెర్నెలునకు ఇమేజి ఉన్నదా? అమరికల ఫైలు ఇమేజి కట్టిన తరువాత మారినదా? ఇమేజిలో చేర్చుమని మనము చెప్పిన పనిముట్లు మారినవా? నకలు వ్రాయవలసిన డిస్కు భాగము, దాని డ్రైవరు మునుపటివేనా? తేడా కనబడినచో తిరిగి కట్టును. లేనిచో ఉన్నదానినే వాడును. కొత్త కెర్నెలుతో మొదటిసారి లేచినప్పుడు యంత్రము కొంత ఆలస్యము చేయుటకు ఒక కారణము ఈ నిర్మాణమే.

రెండవది, ప్రతిసారియు కట్టుట. అమరికల ఫైలులో ‘ఫోర్స్ రీబిల్డ్’ అను మాటకు 1 విలువ ఇచ్చినచో తనిఖీతో పని లేక సేవ మొదలైన ప్రతిసారియు ఇమేజి కొత్తగా తయారగును. అధికారి ప్రతి ఉదయము సంచిని విప్పి మరల సర్దుకొనుట వంటిది. పాతబడుట అను దోషము చాలవరకు పోవును. కాని యంత్రము లేచిన ప్రతిసారియు కొంత కాలము ఖర్చగును.

మూడవది, ఎన్నడును తనంతట కట్టకుండుట. ‘ఫోర్స్ నో రీబిల్డ్’ అను మాటకు 1 ఇచ్చినచో యంత్రము ఇమేజి జోలికి పోదు. ఇది అజాగ్రత్త అని తోచవచ్చును. కాని ఒకే రకపు యంత్రములు వందల కొలది ఉన్నచోట, ఒక ఇమేజిని కట్టి, పరీక్షించి, దానినే అన్నిటికి పంచువారు ఈ మార్గమును కోరుదురు. పరీక్షించిన వస్తువును యంత్రము తనకు తానుగా మార్చుట వారికి సమ్మతము కాదు. అయితే కెర్నెలు మారినప్పుడు, డిస్కు మారినప్పుడు ఇమేజిని సిద్ధపరచు బాధ్యత అంతయు మనుష్యునిదే.

ఈ పేర్లను ఫైలులో ఆంగ్ల లిపిలో, మాటకు మాటకు నడుమ క్రింది గీత పెట్టి వ్రాయవలెను. రెండింటికిని ఒకేసారి 1 ఇయ్యరాదు. ‘తప్పక కట్టుము’, ‘ఎన్నడును కట్టకుము’ అని రెండు ఆజ్ఞలు ఒక్కసారి ఇచ్చినచో కెడంప్ సేవ మొదలు కాదు. ఇక నకలు తీయువారే ఉండరు.

తేదీలు చేయు మోసము

అవసరమైనప్పుడు మాత్రమే కట్టుట అను మొదటి మార్గము ఎంతో సమంజసముగా ఉన్నది. కాని ఒక ఫైలు మారినదని యంత్రము ఎట్లు గ్రహించును? అది ఫైలును చదివి అర్థము చేసికొనదు. ఫైలుపై ఉన్న సవరణ కాలమును, ఇమేజిపై ఉన్న కాలమును పోల్చును. ఫైలు తేదీ ఇమేజి తేదీకి తరువాతిదైనచో మారినదని తలచును. ఇందులో రెండు మోసములు కలవు.

జనవరిలో వ్రాసిన అమరికల ఫైలు ఒకటి ఉన్నదనుకొనుడు. మార్చిలో దానిని మార్చిరి, జూనులో ఇమేజి కట్టబడెను. ఆగస్టులో ఎవరో జనవరి నాటి ఫైలును దాచిన చోటు నుండి తీసి, తేదీ చెడకుండ యథాస్థానమున ఉంచిరి. ఫైలులోని విషయము నిజముగా మారినది. కాని దానిపై జనవరి తేదీయే ఉన్నది గనుక యంత్రమునకు మార్పు కనబడలేదు. ఇమేజిలో పాత చిరునామా అట్లే ఉండిపోవును.

రెండవ మోసము గడియారముది. కంప్యూటరు పలకపై గడియారమును నడుపు చిన్న బ్యాటరీ ఒకటి ఉండును. అది చచ్చినచో కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల యంత్రపు తేదీ ఎన్నో ఏండ్లు వెనుకకు పోవచ్చును. మన పాఠశాలలలోని పాత యంత్రములలో ఇది ఉపాధ్యాయులకు తెలిసిన సంగతియే. అట్టి దినమున, నెట్‌వర్కు నుండి సరియైన కాలము అందకముందే, అమరికల ఫైలును సవరించినచో దానిపై పాత తేదీ పడును. ఇమేజి దానికంటె కొత్తదిగా కనబడును. మనము మార్పు చేసితిమి. యంత్రము మాత్రము మారలేదని నమ్మును.

మూడవ విషయము మోసము కాదు గాని మరపు. తనిఖీ సేవ మొదలగునప్పుడే జరుగును. యంత్రము నెలల తరబడి ఆగక నడచుచున్నచో మధ్యలో చేసిన మార్పు ఇమేజిలోనికి రాదు. అంతేకాదు, డిస్కుపై ఉన్న ఇమేజి వేరు, విడిచిపెట్టిన మెమరీలో కూర్చున్న ఇమేజి వేరు. డిస్కుపై కొత్తది కట్టినంత మాత్రమున మెమరీలోనిది మారదు. అందుచేత అమరికను మార్చిన వెంటనే కెడంప్ సేవను ఆపి మరల మొదలిడవలెను. అనుమానమున్నచో ‘కెడంప్‌సిటిఎల్ రీబిల్డ్’ అను ఆజ్ఞతో ఇమేజిని బలవంతముగా కట్టించి, పిమ్మట సేవను తిరిగి మొదలిడవలెను.

ఏ యంత్రమునకు ఏ మార్గము?

ఒక ఉన్నత పాఠశాలలో పిల్లల మార్కులు, హాజరు పట్టీలు దాచు లినక్సు సర్వరు ఒకటి ఉన్నదనుకొందము. దానిలో మార్పులు ఏటికి రెండు మూడు సార్లకు మించవు. అట్టిదానికి మొదటి మార్గము చాలును. గడియారపు బ్యాటరీ మంచిదై ఉండవలెను, మార్పు చేసిన ప్రతిసారియు సేవను తిరిగి మొదలిడవలెను. విద్యార్థులు డిస్కులు తీసి పెట్టుచు, డ్రైవర్లు మార్చుచు నేర్చుకొను ప్రయోగపు యంత్రమునకు రెండవ మార్గము తగును. అచ్చట లేచుటలో కొంత ఆలస్యమైనను నష్టము లేదు. బాగుగా పరీక్షించిన ఒకే ఇమేజిని అన్ని యంత్రములకు పంచగల శ్రద్ధావంతులు ఉన్నచోటనే మూడవ మార్గము. శ్రద్ధ లేనిచోట ఆ మార్గము పట్టుట, పాత చిరునామా ఉన్న సంచిని గోడకు తగిలించి, నిశ్చింతగా నిద్రపోవుట వంటిది.

ఏ మార్గము పట్టినను పరీక్ష తప్పదు. లినక్సులో కెర్నెలును కావలెనని కూల్చు ఉపాయము ఒకటి కలదు. ‘సిస్‌రెక్యూ’ అను అత్యవసర ద్వారమునకు ‘సి’ అను అక్షరమును పంపినచో యంత్రము ఆ క్షణమే కూలును. దీనిని అందరికిని చెప్పి, పనులన్నియు భద్రపరచి, సెలవు దినమున చేయవలెను. యంత్రము తిరిగి లేచిన పిమ్మట నకలు చేరవలసిన చోట చూడవలెను. రెడ్‌హ్యాట్ వంటి లినక్సులలో మనము వేరుగా చెప్పనిచో ‘వార్’ అను సంచయములోని ‘క్రాష్’ అను చోట, తేదీ, సమయము గల పేరుతో నకలు ఉండును. ఉన్నచో మన ఇమేజి సరియైనదే. లేనిచో దోషము నేడే తెలిసినది. నష్టము లేని దినమున తెలిసినది. ఆ నకలులో యంత్రపు మెమరీలోని రహస్యములు కూడ ఉండవచ్చును గనుక దానిని అందరి చేతికి ఇయ్యరాదు.

ఆపద కొరకు సిద్ధపరచిన సాధనమునకు ఒక విచిత్ర లక్షణము కలదు. ప్రతి దినము వాడు పనిముట్టు చెడినచో వెంటనే తెలియును. నాగలి కర్రు అరిగినచో మొదటి చాలులోనే రైతునకు తెలిసిపోవును. ఆపద దినమున మాత్రమే వాడునది చెడినను చెప్పదు, పాతబడినను చెప్పదు. కావున దానిని మనమే అడుగవలెను. యంత్రము మారినప్పుడెల్ల సంచి మారినదా అని చూచుట, చూచితిమని నమ్మక ఒకసారి పరీక్షించుట, ఈ రెండును చేసినవారికే కూలిన యంత్రము ఏల కూలినదో చెప్పును.